హైదరాబాద్ నుంచి డాలస్ దాకా: రెండేళ్ళ బిడ్డను విమానంలో ఆడించుకుంటూ తీసుకెళ్ళడం ఎలా

హైదరాబాద్‌లో ఎక్కి దుబాయ్‌లోనో దోహాలోనో మారి డాలస్‌లో దిగాలంటే మొదటి విమానం సుమారు 4 గంటలు, రెండోది దాదాపు 16 గంటలు. శంషాబాద్‌కి మూడు గంటల ముందే చేరుకోవడం, మధ్యలో ఆగే సమయం కూడా కలుపుకుంటే ఇల్లు కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఇల్లు చేరేదాకా ఒక రోజు దాటిపోతుంది. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు బిడ్డతో ఈ దారిన వెళ్ళేవాళ్ళ కోసం రాసింది ఇది. నెలల పిల్లలు సగం దారి నిద్రలోనే గడిపేస్తారు. నాలుగేళ్ళు దాటినవాళ్ళకు నచ్చజెప్పొచ్చు. మధ్యవాళ్ళతోనే చిక్కు: నడక వచ్చేసింది, మాట వినడం ఇంకా రాలేదు.

పదహారు గంటలూ ఆడించాలి అనుకుంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. అందుకని ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. నిద్ర, విడతలు విడతలుగా అయినా, 5 నుంచి 7 గంటలు. తిండి, పాలు, చిరుతిళ్ళు రెండున్నర గంటలు. డైపర్లు, మూతి కడగడం, బట్టలు మార్చడం ఒక గంట. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బెల్టు పెట్టుకుని కూర్చునేది ఒక గంట. నడవాలో తిప్పడం ఒక గంట. వీడియో గంటన్నర, రెండు గంటలు. ఇవన్నీ తీసేస్తే బొమ్మలతో, ఆటలతో నింపాల్సింది మహా అయితే 3, 4 గంటలే. ఈ వయసు బిడ్డ ఒక వస్తువుతో పది పన్నెండు నిమిషాలు ఉంటే గొప్ప. అంటే ఇరవై విడతలు. ఒక్కో వస్తువు రెండుసార్లు పనికొస్తుంది కాబట్టి పది వస్తువులు చాలు. ఇరవై తీసుకెళ్తే బరువే తప్ప లాభం లేదు.

అసలు కిటుకు వస్తువుల్లో లేదు, వాటిని బయటికి తీసే తీరులో ఉంది. ఒకసారి ఒక్కటే తీయాలి. బిడ్డకు దాని మీద మోజు తీరకముందే, అంటే చూపు పక్కకు తిరగడం మొదలైన క్షణంలోనే, దాన్ని లోపల పెట్టేసి ఇంకోటి తీయాలి. విసుగొచ్చి విసిరేసేదాకా ఆగితే ఆ వస్తువు ఆ రోజుకి చచ్చినట్టే. కాస్త మోజు ఉండగానే దాచేస్తే ఆరు గంటల తర్వాత అదే మళ్ళీ కొత్తది. చాలామంది ప్రయాణం చెడేది మొదటి గంటలోనే: బిడ్డ మారాం చేయగానే సంచి మొత్తం ఒళ్ళో గుమ్మరిస్తారు, అన్నీ ఒకేసారి పాతబడిపోతాయి, ఇక మిగిలేది ఫోనొక్కటే.

టికెట్ కొనేటప్పుడే చూసుకోవాల్సినవి

రెండేళ్ళు నిండని బిడ్డకు ఒళ్ళో కూర్చోబెట్టుకునే టికెట్ చాలు. అంతర్జాతీయ ప్రయాణంలో అది సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు దగ్గర ఉంటుంది. వెళ్ళేటప్పుడు 23 నెలలు, తిరిగొచ్చేటప్పుడు 25 నెలలు అయితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే, ఇది మరిచిపోయి కౌంటర్ దగ్గర ఇరుక్కునేవాళ్ళు ఉన్నారు. ఏడాదిన్నర దాటిన బిడ్డకు, డబ్బు ఏమాత్రం వెసులుబాటు ఉన్నా, సీటు కొనమనే చెబుతాం. 11, 12 కిలోల బిడ్డను పదహారు గంటలు ఒళ్ళో మోస్తే మీ చేతులు ఆటకు ఖాళీగా ఉండవు.

మొదటి వరుస ముందుండే గోడకు తగిలించే ఉయ్యాల మీద ఆశ పెట్టుకోవద్దు. దానికి బరువు పరిమితి ఉంటుంది, చాలా విమానాల్లో 10, 11 కిలోల దగ్గర. పొడవూ చాలదు. ఆ వరుసలో ఇంకో ఇబ్బంది: ఎదురుగా సీటు లేదు కాబట్టి సంచి కాళ్ళ దగ్గర పెట్టనివ్వరు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పైన అరలో పెట్టాల్సిందే. చేతుల దగ్గరి కమ్మీలు కూడా చాలాచోట్ల పైకి లేవవు, బిడ్డను అడ్డంగా పడుకోబెట్టడం కుదరదు. ఉయ్యాలలో పట్టని బిడ్డకు మామూలు వరుసే నయం. కిటికీ పక్కన బిడ్డ, ఆ పక్కన మీరు. నడవా పక్కన బిడ్డను కూర్చోబెడితే బండి తోసుకొచ్చినప్పుడు చిన్న చేతులు, కాళ్ళు తగులుతాయి, వేడి టీ, కాఫీ కూడా ఆ వైపు నుంచే అందిస్తారు.

వారం ముందు నుంచి

కొత్త బొమ్మలు కొన్నారా, బిడ్డ కంట పడనివ్వకండి. అమ్మమ్మ, తాతయ్యలకు కూడా గట్టిగా చెప్పి ఉంచండి, ముద్దొచ్చి ముందురోజే ఇచ్చేస్తారు. ఇంట్లో బాగా ఇష్టపడే పాత బొమ్మలు రెండు మూడు వారం ముందే అటక మీద పెట్టేయండి. వారం కనపడని పాతది విమానంలో కొత్తదానికంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దాంతో ఎలా ఆడాలో బిడ్డకు ముందే తెలుసు.

హెడ్‌ఫోన్ పెట్టుకోవడం అలవాటు చేయండి, రోజుకు ఐదు నిమిషాలు చాలు. అలవాటు లేని బిడ్డ విమానంలో పీకి పారేస్తుంది. చెవిలో దూర్చేవి వద్దు, చెవి మీద కూర్చునే చిన్న సైజువి, శబ్దం 85 డెసిబుల్స్ దాటకుండా ఆపేవి కొనండి. విమానంలో ఇచ్చేవి ఈ వయసు తలకు జారిపోతాయి. కుర్చీలు రెండు ఒకదాని వెనక ఒకటి వేసి, చున్నీతో బెల్టు కట్టి విమానం ఆట ఆడించండి: ‘బెల్టు పెట్టాం, రయ్యిమని లేచాం, ఇప్పుడు బెల్టు తీస్తాం’. బెల్టు ఆటలో భాగమని తెలిసిన బిడ్డతో నిజం విమానంలో సగం పోరు తప్పుతుంది.

పాలసీసా మాన్పించడం, డైపర్ మాన్పించడం లాంటివి ఈ నెలలో మొదలుపెట్టకండి. దిగి, నిద్ర కుదిరాక చూసుకోవచ్చు.

సంచిలో ఏముండాలి

వీపున తగిలించుకునే మామూలు సంచి ఒకటి. అది పై అరలోకి వెళ్ళకూడదు, ముందు సీటు కింద ఉండాలి. బెల్టు దీపం వెలిగినప్పుడు లేవలేరు, బిడ్డ ఏడుపు అందుకునేది సరిగ్గా అప్పుడే.

మాస్కింగ్ టేపు: రంగులు వేసేవాళ్ళు అంచులకు అతికించే కాగితపు టేపు, అంగుళం వెడల్పుది ఒక చుట్ట. హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. సెల్లోటేపు వద్దు, అది మరక వదులుతుంది, గోటికి అందదు. ట్రే మీద పొడుగ్గా రెండు గీతలు అతికించండి, రోడ్డు అయింది, వేలే కారై దాని మీద నడుస్తుంది. తర్వాత అదే పీకే ఆట: పదిహేను చిన్న ముక్కలు, ఒక్కోదానికి ఒక మూల మడిచి, అతికించి ఉంచితే బిడ్డ ఒక్కొక్కటే పీకుతుంది. మూల మడవకపోతే చేత కాక ఏడుస్తుంది. పీకినవన్నీ ఉండలా చుట్టిస్తే ఇంకో ఐదు నిమిషాలు. ఇంత తక్కువ బరువులో ఇంతసేపు నిలిచే వస్తువు మరోటి లేదు.

బెజ్జాల డబ్బా: అరకిలో పెరుగు వచ్చే ప్లాస్టిక్ డబ్బా, మూతకు కత్తి కొనతో సన్నగా నాలుగు గాట్లు. ఐస్‌క్రీమ్ పుల్లలు ఎనిమిది. పుల్లలను గాట్లలో దూర్చడం, మూత తీసి కుమ్మరించడం, మళ్ళీ దూర్చడం. గాటు మరీ వదులుగా ఉంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది, మరీ బిగుతైతే చేత కాదు. ఇంట్లో ఒక పుల్లతో మీరే పరీక్షించండి: కాస్త నొక్కితే లోపలికి దూరాలి. గాట్ల అంచులు గరుకుగా ఉంటే చేయి గీరుకుంటుంది, గరుకు కాగితంతో రుద్దండి.

అమ్మ పర్సు: పాత పర్సు, అరలూ జిప్పులూ ఎన్ని ఉంటే అంత మంచిది. అందులో గడువు తీరిన ప్లాస్టిక్ కార్డులు ఐదారు, చేతిరుమాలు, పెద్ద తాళంచెవి ఒకటి, మడిచిన పాత బస్సు టికెట్లు. కొన్న బొమ్మకంటే దీనికే విలువ ఎక్కువ, పెద్దవాళ్ళది కదా. నాణేలు మాత్రం ఉంచకండి.

ఫొటోల పుస్తకం: పోస్టుకార్డు సైజు చిన్న ఆల్బమ్‌లో పన్నెండు ఫొటోలు. అమ్మమ్మ, తాతయ్య, మేనమామ, పెరట్లో ఆవు, ఇంటి గేటు, పక్కింటి పిల్లలు. కొన్నాళ్ళు అమ్మమ్మ దగ్గరుండి తిరిగి వెళ్తున్న బిడ్డకు ఇది ఆటా అవుతుంది, బెంగ తీర్చే మందూ అవుతుంది. ‘తాతయ్య ఏం చేస్తున్నాడు?’ అని అడుగుతూ ఒక్కో పేజీ దగ్గర ఆగండి. నిద్రకు ముందు ఇదే తీయండి.

స్టిక్కర్లు: ఉబ్బెత్తుగా ఉండి పీకి మళ్ళీ అతికించేవి. కొనగానే బొమ్మల చుట్టూ ఉండే అంచు కాగితాన్ని మొత్తం మీరే పీకేయండి, అప్పుడు బిడ్డ గోరు బొమ్మ కిందికి దూరుతుంది. కిటికీ పక్క గోడ మీదా, ట్రే మీదా అతికించనివ్వండి, దిగే ముందు తీసేయండి.

ఎల్‌సీడీ పలక: ఎనిమిదిన్నర అంగుళాలది. కలానికి దారం కట్టి పలకకు ముడేయండి, లేదంటే పది నిమిషాలకోసారి సీట్ల కింద వెతుక్కోవాలి. వెనక బటన్ బ్యాటరీ ఉండే మూతకు స్క్రూ బిగించి ఉందో లేదో తప్పకుండా చూడండి. ఆ బ్యాటరీ మింగితే గొంతులో కాలి పుండు పడడానికి రెండు గంటలు చాలు. స్క్రూ లేని బొమ్మ ఏదైనా ఇంట్లోనే వదిలేయండి.

నీళ్ళ కలం పుస్తకం: తడి తగిలితే రంగు కనపడి, ఆరితే మాయమయ్యేది. కలంలో నీళ్ళు సగమే పోసి, పైకి చేరాక, కలం కొనను పైకి పెట్టి మూత తీయండి. లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది, నిండుగా ఉంటే నీళ్ళు చిమ్ముతాయి. స్ట్రా ఉండే నీళ్ళసీసాకీ ఇదే జరుగుతుంది: కింద బిగించిన మూత పైన తెరిస్తే స్ట్రా లోంచి ఫౌంటెన్‌లా కొడుతుంది. ముందు మూత మరను ఒక చుట్టు వదులు చేసి గాలి పోనిచ్చి, ఆ తర్వాత స్ట్రా తెరవండి.

ఇంకో మూడు: వేలికి తొడిగే గుడ్డబొమ్మలు మూడు, సంచి పట్టీలకు ఉండే క్లిప్పు బకిల్ ఒకటి (టక్కుమని పెట్టడం, తీయడం), అట్టల పుస్తకం పల్చనిది ఒకటి. పదీ అయ్యాయి. ఇవి కాక రోజూ పక్కలో పెట్టుకునే దుప్పటో బొమ్మో ఏది ఉంటే అది, దాన్ని లెక్కలో వేసుకోకండి, అది నిద్ర కోసం.

వద్దన్నవి: దొర్లేవేవీ వద్దు. బంతి, గుండ్రటి క్రేయాన్, బొంగరం చేయి జారితే మూడు వరుసల వెనక తేలుతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా వాటిలో దొర్లని ఆకారమే ఎంచుకోండి, లేదా రిబ్బను కట్టి సీటుకు ముడేయండి. క్రేయాన్లు తప్పదనుకుంటే మూడు పలకలవి మూడంటే మూడు. పూసలు, అయస్కాంతాలు, ఐదు ముక్కలు దాటిన పజిల్స్, చప్పుడు చేసేవి, జిగట స్లైమ్ వద్దు. రంగు కాగితంలో చుట్టి టేపు వేసిన కానుకలు కూడా వద్దు: సోదాలో విప్పమంటే మొత్తం అక్కడే అయిపోతుంది. విప్పే సరదా కావాలంటే చేతిరుమాలులో మూటగట్టండి, మళ్ళీ మళ్ళీ కట్టొచ్చు.

ఈ పదింటినీ మూడు జిప్ కవర్లలో వేరు చేయండి. మొదటి కవర్లో మూడు, ఇవి గల్ఫ్ దాకా. రెండో దాంట్లో నాలుగు, పెద్ద విమానం మొదటి సగానికి. మూడో దాంట్లో మూడు, రెండో సగానికి. మొదటి కవర్లోవి పెద్ద విమానం చివర్లో మళ్ళీ బయటికొస్తాయి, అప్పటికి పన్నెండు గంటలకు పైగా గడిచి ఉంటుంది. ఏ కవరు ఎప్పుడో పైన పెన్నుతో రాసి పెట్టండి. పదో గంటకు మీ బుర్ర కూడా పనిచేయదు.

తిండే పెద్ద ఆట

తినడం ఎంత నెమ్మదిగా సాగితే అంత మేలు. ఆరు గళ్ళుండే చిరుతిళ్ళ డబ్బా కొని, ఒక్కో గడిలో ఒక్కోటి, కొంచెం కొంచెం: చపాతీ చిన్న ముక్కలు, మెత్తటి ఖర్జూరం గింజ తీసి సన్నగా తరిగింది, రాగి బిస్కట్ విరిచినవి, పనీర్ ముక్కలు, సగం ఇడ్లీ ముక్కలు చేసి నెయ్యి రాసింది, మెత్తగా పగిలే మొక్కజొన్న పఫ్స్. గళ్ళ మూతలు తెరవడం, మూయడంతోనే అరగంట గడుస్తుంది. ఇడ్లీ, పనీర్ మొదటి విమానంలోనే అయిపోవాలి, పొడివి రెండోదానికి.

వేరుశనగ గుళ్ళు, వేయించిన శనగలు, పుట్నాలు, పాప్‌కార్న్, గట్టి జంతికలు, చెగోడీలు, నిలువునా కోయని ద్రాక్ష ఇవ్వకండి. మన ఇళ్ళలో గుప్పెడు పల్లీలు చేతిలో పెట్టడం మామూలే కానీ కుదుపుల్లో, నవ్వుతూ, ఏడుస్తూ తినేటప్పుడు పల్లీ ఊపిరిగొట్టంలోకి పోతే ఆకాశంలో ఆసుపత్రి లేదు.

పిల్లల భోజనం టికెట్‌తోపాటే, కనీసం 24 గంటల ముందు, చెప్పి పెట్టుకోవాలి. అది అందరికంటే ముందు తెస్తారు, మేలే. కానీ అందులో వచ్చేవి మన పిల్లల నోటికి ఎక్కకపోవచ్చు, దాన్నే నమ్ముకోవద్దు. కడుపు నింపడానికి ఒక పొడి ఇంట్లోనే చేసుకోండి. మామూలు ఉగ్గుపొడి పనికిరాదు, దాన్ని పొయ్యి మీద ఉడికించాలి, విమానంలో దొరికేది వేడినీళ్ళే. అందుకని ఇలా: పల్చటి అటుకులు రెండు కప్పులు సన్నని సెగ మీద కరకరలాడేదాకా వేయించి, పుట్నాల పప్పు పావు కప్పు, జీలకర్ర అర చెంచా కలిపి మెత్తగా పొడి కొట్టి జల్లించండి. మూడు పెద్ద చెంచాల పొడికి సుమారు 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు, ఐదు నిమిషాలు మూత, చిటికెడు ఉప్పు, చెంచాడు నెయ్యి. నీళ్ళు తక్కువైతే ముద్దలా గొంతుకు అడ్డం పడుతుంది, జారుగా ఉండాలి. తినిపించే ముందు మీ మణికట్టు మీద వేడి చూసుకోండి. పుట్నాలు ఎప్పుడూ తినని బిడ్డకు ఇంట్లోనే రెండు మూడుసార్లు పెట్టి చూడండి, కొత్త తిండి విమానంలో మొదలుపెట్టకూడదు.

అమెరికా వెళ్ళే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను విడిగా తీసి పరీక్షిస్తారు. కాబట్టి చిన్న పారదర్శక డబ్బాలో ప్రయాణానికి కావాల్సినంతే. బిడ్డ పాలు, తిండికి 100 మిల్లీలీటర్ల నిబంధనలో సడలింపు ఉంటుంది, కానీ సోదా దగ్గర అడగకముందే బయటికి తీసి చూపించాలి. గల్ఫ్‌లో అమెరికా విమానం గేటు దగ్గర మరోసారి సోదా ఉండొచ్చు, సంచి మళ్ళీ విప్పాల్సొస్తుంది. కవర్లలో సర్దుకున్నవాళ్ళకు అది రెండు నిమిషాల పని.

డైపర్లు రెండు మూడు గంటలకొకటి చొప్పున లెక్కేసి పైన ఐదు. బిడ్డకు రెండు జతలు, మీకో చొక్కా. బిడ్డ వాంతి పడేది మీ మీదే.

మధ్యలో దిగినప్పుడు

దుబాయ్‌లో, దోహాలో రెండు మూడు గంటలు దొరుకుతాయి. తోపుడు బండిలో కూర్చోబెట్టి మీరు కాఫీ తాగడం కాదు, బిడ్డను పరుగెత్తించాల్సిన సమయం ఇదే. రెండు చోట్లా పిల్లలు ఆడుకునే మూలలు ఉన్నాయి, ముందు గేటు ఎక్కడో చూసుకుని, దారిలో అక్కడ ఆగండి. తోపుడు బండి విమానం గుమ్మం దగ్గరే ఇస్తారా, డాలస్‌లోనే ఇస్తారా అన్నది శంషాబాద్‌లో సామాను ఇచ్చేటప్పుడే అడగండి. డాలస్‌కే పోతుందంటే బిడ్డను ఒంటికి కట్టుకునే సంచి దగ్గరుంచుకోండి.

పెద్ద విమానంలో

‘చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు రండి’ అని పిలిస్తే ఇద్దరూ వెళ్ళకండి. ఒకరు సామానుతో వెళ్ళి సర్దుకోవాలి, ఇంకొకరు బిడ్డను గేటు దగ్గర చివరిదాకా నడిపించి తీసుకురావాలి. కదలని విమానంలో ముప్పావు గంట కూర్చోబెట్టడం వృథా కష్టం. ఒంటరిగా వెళ్తున్నవాళ్ళు మాత్రం ముందే ఎక్కడం మంచిది.

కూర్చోగానే బూట్లు విప్పండి, ముందు సీటుకు తన్నినా దెబ్బ తగలదు. ట్రే, చేతి కమ్మీలు, తెర, బెల్టు బకిల్ తడిగుడ్డతో తుడవండి, అన్నీ నోట్లోకి వెళ్ళేవే. విమానం లేచేదాకా బొమ్మ తీయొద్దు. కిటికీ, బెల్టు, సీటు జేబులో ఉన్న బొమ్మల కార్డు, ఇవన్నీ ఉచితంగా వచ్చిన బొమ్మలు. అవి అయిపోయాకే కవరు.

ఒకటి కూర్చుని ఆడేది, తర్వాత ఒకటి ఒళ్ళు కదిలేది, అలా మార్చి మార్చి నడపండి. టేపు అయ్యాక నడవాలో ఒక చుట్టు, డబ్బా అయ్యాక చెమ్మచెక్క. వస్తువేదీ అక్కర్లేని మన ఆటలు ఇక్కడ బంగారం: అరచేతిలో పప్పూ బువ్వా కలిపి వేళ్ళకు తలో ముద్ద పెట్టి చంక దాకా పాకి చక్కిలిగింత పెట్టేది, కాళ్ళు చాపుకుని లెక్కపెట్టే కాళ్ళాగజ్జా, దుప్పటి కింద దాగుడుమూతలు. దీపాలు ఆర్పినప్పుడు, పక్కవాళ్ళు పడుకున్నప్పుడు గుసగుసగా కూడా ఆడొచ్చు. గుసగుస వింటేనే పిల్లలు సగం సద్దుమణుగుతారు.

నడవాలోకి భోజనం బండ్లు వెనక్కి వెళ్ళాకే వెళ్ళండి. ఐదు నిమిషాల చుట్టు, రెండు గంటలకోసారి. మీరు వెనక, బిడ్డ ముందు, చేయి పట్టుకుని. సిబ్బంది వంటగది దగ్గర తెర వేసి ఉంటే తీయొద్దు, తెరిచి ఉంటే అడిగి రెండు నిమిషాలు నిలబడొచ్చు.

పెద్దవాళ్ళిద్దరుంటే రెండేసి గంటలు వంతులు వేసుకోండి. వంతు లేనివాళ్ళు చెవులకు ఏదైనా పెట్టుకుని నిజంగా కళ్ళు మూసుకోవాలి. ఇద్దరూ కలిసి ఆడించడం మొదలుపెడితే పదో గంటకు ఇద్దరూ పడిపోతారు, దిగాక కారు నడపాల్సింది కూడా మీలో ఒకరే కావొచ్చు.

మొదటి భోజనం తీసేశాక దీపాలు తగ్గిస్తారు. ఇంట్లో పడుకోబెట్టే వరుస అదే క్రమంలో ఇక్కడా చేయండి: మొహం కడగడం, పళ్ళు తోమడం, రాత్రి బట్టలు, ఫొటోల పుస్తకం, దుప్పటి, జోల. లోపల చలిగా ఉంటుంది, కాళ్ళకు మేజోళ్ళు, పలచటి స్వెటర్ తప్పనిసరి. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఆ లెక్కతో విమానంలో బిడ్డను నిద్ర ఆపి కూర్చోబెట్టొద్దు, వచ్చినప్పుడు పడుకోనివ్వండి.

నిద్రమందు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘ఫెనర్గాన్ రెండు చెంచాలు పట్టించండి, హాయిగా పడుకుంటుంది’ అనే సలహా మన బంధువుల్లో ఎవరో ఒకరు ఇస్తారు. ఆ అలర్జీ సిరప్‌లో ఉండే ప్రోమెథజైన్‌ను రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. జలుబు సిరప్‌లు కూడా నిద్ర కోసం వాడేవి కావు, కొందరు పిల్లలు వాటితో పడుకోవడం పోయి ఇంకా రెచ్చిపోతారు. జ్వరం కోసం పారాసిటమాల్ మాత్రం దగ్గరుంచుకోండి. ఆ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120, 250 మిల్లీగ్రాముల చొప్పున వేర్వేరు బలాల్లో దొరుకుతుంది కాబట్టి డాక్టర్ చెప్పిన మోతాదును ఆ సీసా మీదే రాయించి పెట్టుకోండి.

వీడియో ఎప్పుడు

రెండేళ్ళ బిడ్డకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, అంతకంటే చిన్నవాళ్ళకు అసలే వద్దంది. ఈ ఒక్క రోజు కొంచెం దాటినా మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. కానీ మొదటి నాలుగు గంటలు తీయకండి. ఒకసారి తెర చూశాక టేపు ముక్కలు, ఐస్‌క్రీమ్ పుల్లలు వెలవెలబోతాయి. చివరి మూడో వంతుకు దాచుకుని, 20, 25 నిమిషాల ముక్కలుగా, మధ్యలో ఒక నడక పెట్టి ఇవ్వండి. ‘ఇదయ్యాక పాలు’ అని ముందే చెప్పి, కథ ముగిసిన చోట ఆపితే గొడవ తక్కువ, మధ్యలో లాక్కుంటే మాత్రం అరగంట ఏడుపు.

ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ప్రతి వీడియోనీ నొక్కి చూడండి. చాలా యాప్‌లలో డౌన్‌లోడ్‌కు గడువు ఉంటుంది, ముందురోజు చూసుకోకపోతే తెర మీద తిరిగే చక్రమే మిగులుతుంది. బిడ్డ ఇప్పటికే పదిసార్లు చూసినవి ఎక్కించండి. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, కింద ఇచ్చే సామానులో పెట్టకూడదు. కొన్ని విమానసంస్థలు ఇప్పుడు లోపల దాన్ని వాడనివ్వడం లేదు కూడా. సీటు దగ్గరి యూఎస్‌బీకి సరిపడే తీగ పెట్టుకోండి.

ఏడుపు ఆగనప్పుడు

ఏడుపు తారస్థాయిలో ఉండగా కొత్త బొమ్మ తీయొద్దు, అది విసిరికొట్టడానికే పోతుంది. వరుసగా చూడండి: డైపర్, ఆకలి, చెమట లేదా చలి, చెవి, నిద్ర. చివరిదే ఎక్కువసార్లు కారణం. అప్పుడు ఆడించే ప్రయత్నమే తప్పు, బిడ్డకు కావాల్సింది చీకటి, నిశ్శబ్దం. భుజాన వేసుకుని వెనక వంటగది దగ్గరికో మరుగుదొడ్డిలోకో వెళ్ళండి. చల్లటి నీళ్ళు చేతుల మీద పడితే చాలామంది పిల్లలు టక్కున ఆగిపోతారు. చుట్టుపక్కలవాళ్ళు చూస్తున్నారని కంగారుపడి గదమాయిస్తే ఏడుపు ఇంకా పెరుగుతుంది. ఒక్క చూపుతో క్షమించమని సైగ చేసి బిడ్డ పని చూసుకోండి.

దిగేటప్పుడు

చెవి నొప్పి ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ. బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంటే, చెవిని గొంతుతో కలిపే సన్నని గొట్టం మూసుకుపోయి లోపలి ఒత్తిడి దానితో సమం కాదు. మింగితే ఆ గొట్టం తెరుచుకుంటుంది. నిద్రలో మింగడం తక్కువ, కాబట్టి దిగడానికి అరగంట ముందు, అంటే విమానం కిందికి వాలుతున్నట్టు తెలియగానే, నిద్రపోతుంటే మెల్లగా లేపండి. ఏకధాటిగా పాలు పట్టించేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతాయి, మిగతా ఇరవై అయిదు నిమిషాలకు ఏమీ ఉండదు. రెండు మూడు నిమిషాలకొక గుటక, స్ట్రాతో. సాగదీసి నమిలే ఖర్జూరం ముక్కలు మధ్యమధ్య. జలుబు, చెవిపోటు ఉంటే ప్రయాణానికి ముందే డాక్టర్‌కు చూపించండి.

ఈ అరగంటలో ట్రే మూసేయాలి, సంచి సీటు కింద తోసేయాలి. కాబట్టి ముందే మూడు వస్తువులు సీటు జేబులోకి మార్చుకోండి: నీళ్ళసీసా, వేలి బొమ్మలు, క్లిప్పు బకిల్. తువాలు ఒకటి ఒళ్ళో.

చివరగా డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస. ఒక్కోసారి గంట, గంటన్నర పడుతుంది, బిడ్డను ఎత్తుకునే నిలబడాలి. అందరూ దిగగానే అయిపోయిందనుకుని అన్నీ ఖర్చుపెట్టేస్తారు. అందుకే ఎల్‌సీడీ పలక, ఒక గడి చిరుతిళ్ళు, ఒక డైపర్ ఈ వరుస కోసమే ఉంచండి. విమానంలో ఇచ్చిన అరటిపండో ఆపిల్ ముక్కో సంచిలో మిగిలి ఉంటే దిగకముందే అక్కడే వదిలేయండి. తాజా పండ్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, చెప్పకుండా దొరికితే జరిమానా. మిగిలిన అటుకుల పొడి ఉందని కస్టమ్స్ వాళ్ళు అడిగినప్పుడు చెప్పేయండి.